కథ తీసుకున్నారు, ఆట వదిలేశారు

వీడియో గేముల్ని సినిమాలుగా తీస్తే ఎందుకు బాగోవని అడిగితే, మనలో చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. గేముల్లో దూకడం, నరకడం తప్ప కథేముంటుందండీ, అంటారు. 2010లో డిస్నీ విడుదల చేసిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ విషయంలో మాత్రం నేనీ మాట ఒప్పుకోను. కథ గేములోనే బాగుంది. చెడింది సినిమాలో.

ఆ సినిమాకి మూలమైన, అదే పేరుతో 2003లో వచ్చిన గేములో రాకుమారుడు తండ్రి సైన్యంతో ఒక భారతీయ మహారాజు కోట మీద పడతాడు. పేరు కోసం ఆరాటపడి, కాలాన్ని వెనక్కి తిప్పే అక్కడి మాయబాకు చేజిక్కించుకుంటాడు. తర్వాత వజీరు మాట నమ్మి, ఆ బాకుతోనే పెద్ద ఇసుక గడియారం తెరుస్తాడు. ఆ ఇసుక సోకినవాళ్లంతా రాక్షసులవుతారు, కన్నతండ్రితో సహా. చేజేతులా చేసుకున్నది కాబట్టి దిద్దుకోవాల్సిందీ అతనే.

సినిమాలో ఆ ఊసే లేదు. హీరో దస్తాన్ వీధిలో తిరిగే అనాథ, రాజు చేరదీసి కొడుకులా పెంచుకున్న బంగారం లాంటి కుర్రాడు. కుట్రంతా రాజు సోదరుడు నిజామ్‌ది. చేయని హత్య మీదపడి హీరో పారిపోతాడు, రాకుమారితో పోట్లాడుతూ ప్రేమలో పడతాడు. మన జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్లు తర్వాతి సీను ముందే చెప్పేయగలరు. గేములో మహారాజు కూతురు ఫరా ఉంటుంది. సినిమాలో ఆమె బదులు అలముత్ రాకుమారి తమీనా వచ్చింది. మన అమ్మాయిని తీసేశారే అని నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోవచ్చు. పర్షియా కథలో ప్రధాన పాత్రలకి ఇరాన్ మూలాలున్న నటులు దొరకలేదా అన్న గొడవ అప్పట్లోనే జరిగింది, అది న్యాయమైన గొడవే. నా బాధ మాత్రం బాకు గురించి.

గేములో గోడ మీద పరిగెడుతూ అడుగు తప్పితే రాకుమారుడు అగాధంలో పడిపోతాడు. బటన్ నొక్కి పట్టుకుంటే పడినవాడు పడినట్టే వెనక్కి పైకి లేచి, గోడ మీదుగా మళ్లీ అంచు మీదికొస్తాడు. కానీ బాకులో ఇసుక కొంచెమే. అది అయిపోతే చావే. మళ్లీ నింపుకోవాలంటే రాక్షసులతో తలపడాలి. అందుకే ఆ బటన్ మీద వేలు పెట్టిన ప్రతిసారీ ఇప్పుడు వాడాలా, దాచుకోవాలా అని టెన్షన్. పైగా కథ చెప్పేది రాకుమారుడే. మనం చచ్చిపోతే, ‘కాదు కాదు, అలా జరగలేదు’ అని తన కథనే సవరించుకుంటాడు. ఆ కథ ఎవరికి చెబుతున్నాడో చివర్లో తెలుస్తుంది: జరిగిందేదీ గుర్తులేని ఫరాకి. ఆమె నమ్మదు. గేముల్లో కథ ఉండదనేవాళ్లకి ఇంతకంటే ఏం చూపించాలి?

సినిమాలో దస్తాన్ ఆ బాకు పిడి నొక్కేది వేళ్ల మీద లెక్కపెట్టేటన్నిసార్లే. నొక్కినప్పుడల్లా గ్రాఫిక్స్ ధగధగలాడతాయి. మనకి మాత్రం గుండె దడ పుట్టదు. మైక్ న్యూవెల్ చేయి తిరిగిన దర్శకుడే, మేడల మీద పరుగులు కూడా హుషారుగానే తీశాడు. దస్తాన్‌గా జేక్ జిల్లెన్‌హాల్ కష్టపడ్డాడు. అయినా ఆ దూకుళ్లలో బరువు తెలియదు. జోర్డన్ మెక్నర్ 1989లో తొలి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ గేము చేసినప్పుడు తన తమ్ముడు పరిగెత్తి దూకడాన్ని వీడియో తీసి, ఒక్కో ఫ్రేమునీ బొమ్మగా మార్చాడు. అందుకే ఆ చిన్న బొమ్మ పరుగు ఆపబోయి కాస్త జారుతుంది, అంచు పట్టుకుని వేలాడి ఒళ్లు పైకి లాక్కుంటుంది. ఆ నాలుగు చుక్కల మనిషికి దెబ్బ తగిలితే ‘అబ్బా’ అనేది మనం. 2003 గేము కథ రాసిందీ ఆయనే, సినిమాకి తొలి స్క్రిప్టు రాసిందీ ఆయనే. కాబట్టి గేము తెలియనివాళ్లు తీశారన్న సాకు కూడా చెల్లదు.

ముగింపులో గేము, సినిమా రెండూ కాలాన్ని వెనక్కి తిప్పేస్తాయి. గేములో అలా తిప్పినందుకు రాకుమారుడు ఫరా ప్రేమనే పోగొట్టుకుంటాడు. దస్తాన్‌కి చనిపోయిన అన్నలు తిరిగొస్తారు, విలన్ దొరికిపోతాడు, తమీనాతో పెళ్లి మాట కూడా అక్కడికక్కడే కుదురుతుంది. అతను పోగొట్టుకున్నది ఏమీ లేదు. సినిమా ప్రపంచవ్యాప్తంగా 33 కోట్ల డాలర్లకు పైగానే వసూలు చేసింది, అయినా రెండో భాగం రాలేదు. ఇలాంటి ముగింపు పెట్టాక రెండో భాగానికి దస్తాన్ దగ్గర తీరని లోటంటూ ఏం మిగిలిందని?