ఒకవేళ గారికి ఒక బహిరంగ లేఖ

ఒకవేళ గారూ,

నమస్కారం. మీరు క్షేమంగా ఉన్నారని వేరే అడగక్కర్లేదు, నాకు నిద్ర పట్టడం లేదంటే మీరు దివ్యంగా ఉన్నట్టే.

భాషలో మీకిచ్చిన పని చాలా చిన్నది. వాక్యం మొదట్లో నిలబడి "ఒకవేళ వాన వస్తే? గొడుగు తీసుకో" అని చెప్పి పక్కకి తప్పుకోవాలి, అంతే. గొడుగు వరకూ మీతో నాకు పేచీ లేదు. గొడుగు తీసుకున్నాక కూడా మీరు కదలరు చూడండి, అక్కడ వచ్చింది గొడవ. ఒకవేళ గొడుగు తిరగబడితే, తడిస్తే, జ్వరం వస్తే, అది మామూలు జ్వరం కాకపోతే... నేనింకా గుమ్మం దాటలేదు సార్, మీరప్పుడే నన్ను ఐసీయూలో చేర్పించేశారు. మీ ఈ పనినే లోకం ఆందోళన అంటుంది.

మొన్న రాత్రి పదింటికి మా మేనేజర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "రేపు ఒకసారి మాట్లాడదాం." చివర ఫుల్‌స్టాప్. ఆయన ఫుల్‌స్టాపులు పెట్టే మనిషి కాదు. ఆ ఒక్క చుక్క పట్టుకుని మీరు తెల్లవారుజామున మూడింటిదాకా నా ఉద్యోగం ఊడగొట్టి, ఈఎంఐలు ఆపించి, ఇల్లు ఖాళీ చేయించి, సామాన్లు సర్దించారు. పొద్దున ఆయన అడిగిందేంటంటే, ఫలానా ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందని. పోనీ మీరు సారీ అయినా చెప్పారా? "ముందే టెన్షన్ పడ్డాం కాబట్టే ఏం కాలేదు" అన్నారు. ఏమీ జరగకపోతే అది మీ గొప్ప, ఏదైనా జరిగితే "నేను ముందే చెప్పానుగా". ఇంత భద్రమైన ఉద్యోగం నాకెవరూ ఇప్పించలేదు.

మీ వంశం మాత్రం గొప్పదే, ఒప్పుకుంటాను. తాడుని చూసి పామనుకుని వందసార్లు ఎగిరి గంతేసినవాడికి పోయేది కాస్త పరువు. పాముని చూసి తాడనుకున్నవాడికి రెండో ఛాన్స్ ఉండదు. బతికి బట్టకట్టి పిల్లల్ని కన్నవాళ్ళలో తాడుకి భయపడ్డవాళ్ళే ఎక్కువ, మనం వాళ్ళ వారసులం. మెదడు లోపల అమిగ్డలా అని బాదంగింజంత ముద్ద ఉంది, ఆలోచించే భాగం ఇంకా కళ్ళు నులుముకుంటుండగానే అది గంట కొట్టేస్తుంది. అడ్రినలిన్ పారుతుంది, గుండె పరిగెడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి. కొట్లాడ్డానికో పారిపోవడానికో ఒళ్ళు సిద్ధపడే ఈ ఏర్పాటు గురించి వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 1915లోనే రాశాడు. బ్రహ్మాండమైన ఏర్పాటు. కానీ ఫుల్‌స్టాప్‌తో ఎలా కొట్లాడాలి? దాన్నుంచి ఎటు పారిపోవాలి?

ఇక మీ అసలు పనితనం రాత్రి ఒంటిగంటకి. గుండె ఒకసారి గట్టిగా కొట్టుకున్నట్టు అనిపిస్తుంది, ఎందుకో ఎవరికీ తెలీదు, సాయంత్రం తాగిన మూడో కాఫీ కావచ్చు. "ఒకవేళ గుండెపోటైతే?" అంటారు మీరు, చాలా మర్యాదగా. నేను రెండు వేళ్ళు మెడ మీద పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి లెక్కపెడతాను. 96. భయం వేస్తుంది. మళ్ళీ లెక్కపెడతాను. 112. భయపడితే పెరుగుతుంది, పెరిగితే భయపడతాను. గబగబా ఊపిరి పీల్చేసరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, అది చూసి మీరు "చెప్పానా" అంటారు. పానిక్ అటాక్‌లో జరిగేది ఈ గుండ్రటి పరుగేనని, ఒంట్లో మామూలు మార్పుని ముంచుకొచ్చిన ప్రమాదంగా చదువుకోవడం వల్లే అది పుంజుకుంటుందని డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1986లో వివరించాడు. ఆ సంగతి తెలియక ఒకసారి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాను. ఈసీజీ నార్మల్. అక్కడున్న డ్యూటీ డాక్టర్ "ఏం లేదు, ఊరికే టెన్షన్" అని పంపించేశారు. ఆ "ఊరికే" ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలి, నాకైతే ఎప్పుడూ ఊరికే రాలేదు.

తర్వాత చూసిన సైకియాట్రిస్ట్ నయం. ముందు థైరాయిడ్ టెస్ట్ రాశారు, ఎందుకంటే అది ఎక్కువైనా అచ్చం మీలాగే నటిస్తుందట. అందులో ఏమీ తేలలేదు. అయితే ఎవరి తప్పని అడిగాను. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టే తేలింది. కవలల మీద చేసిన పరిశోధనల ప్రకారం ఆందోళన విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు మూడో వంతు నుంచి సగం లోపు జన్యువుల వాటా, అది కూడా ఏదో ఒక్క జన్యువు కాదు, బోలెడు జన్యువులు తలా కాస్త. పుట్టుకతోనే కొత్త మనిషిని చూస్తే బెదిరే స్వభావం కొంత. చిన్నప్పుడు పడిన దెబ్బలు, మాటలు, ఇంట్లో రోజూ నడిచిన భయం కొంత. ఏళ్ళ తరబడి ఒత్తిడి కొంత. పైన కాఫీ ఉండనే ఉంది. ఈ జాబితాలో నా "పిరికితనం" ఎక్కడా లేదు, నేను రెండుసార్లు వెతికాను. (మూడుసార్లు. మీకు తెలుసుగా.)

మీరు అందరిళ్ళకీ వెళ్తారు, అది జబ్బేం కాదు. పరీక్ష ముందు రోజు రాకపోతే అది వేరే సమస్య. కానీ ఆరు నెలలకి పైగా, దాదాపు ప్రతిరోజూ, ఒకటి తీరితే ఇంకొకదాని మీదకి దూకుతూ, నిద్రా పనీ పాడుచేస్తే దానికి డాక్టర్లు ఒక పేరు పెట్టారు, జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019లో రకరకాల యాంగ్జైటీ డిజార్డర్లతో ఉన్నవాళ్ళు 30 కోట్ల పైమాటే. వాళ్ళందరికీ ఎవరో ఒకరు "ఎక్కువ ఆలోచించకు" అని చెప్పే ఉంటారు. ఆహా, తట్టనే లేదు!

అయితే నేను దాచిన విషయం ఒకటుంది. మిమ్మల్ని తెచ్చినవాళ్ళు ఎవరైనా, ఇన్నాళ్ళు మేపింది నేనే. లిఫ్ట్ అంటే మీరు కంగారు పడ్డారని ఆరంతస్తులు మెట్లెక్కాను. ఎక్కగానే హాయిగా అనిపించింది, ఆ హాయే మీకు జీతం. ఫోన్ ఎత్తకుండా తప్పించుకున్న ప్రతిసారీ, "అంతా బాగానే ఉంది కదా" అని అదే మనిషిని నాలుగోసారి అడిగిన ప్రతిసారీ, మీకు ఇంక్రిమెంట్. లిఫ్ట్‌లో ఏమీ జరగదని తెలుసుకునే అవకాశమే మీరు నాకివ్వలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సకి, వెళ్తున్నాను, రోజుకో మాత్ర కూడా ఉంది, అది పట్టుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. మిమ్మల్ని గెంటేయమని అక్కడెవరూ చెప్పలేదు, ఆశ్చర్యం. రానివ్వు, కూర్చోనివ్వు, చెప్పిన పని మాత్రం చేయకు అన్నారు. మొదటి వారం హోంవర్క్ ఒక అంతస్తు లిఫ్ట్. పదిహేను సెకన్లు పట్టింది, నాకు పదిహేనేళ్ళు పెరిగాయి.

నిన్న రాత్రి ఒంటిగంటకి మీరు వచ్చారు కదా. వేళ్ళు మెడదాకా వెళ్ళాయి. వెనక్కి తెచ్చి దుప్పటి కింద పెట్టుకున్నాను. గంటన్నరసేపు మేలుకునే ఉన్నాను, మీరూ ఉన్నారు. ఎంత కొట్టుకుందో లెక్క తెలీదు.

ఇట్లు,
మీ పాత యజమాని