శనక్కాయ మూటలకు బీపీ నార్మల్

మేనకోడలు నర్సింగ్ చదువుతానన్న రోజు నుంచి మా కర్నూలు ఇంట్లో టీ పొడి నిలవడం లేదు. వీధిలో మోకాలి నొప్పి ఉన్న ప్రతి పెద్దమనిషీ సలహాదారుడే. "జీఎన్ఎం డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్లు, ఏడాది మిగిలినట్టే కదప్పా" అని మా పెద్దబావ వేళ్లు మడిచి చూపించాడు. జీఎన్ఎం తర్వాత డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఇంకో రెండేళ్లు బావా, మొత్తం ఐదు అని నేనంటే, ఐదో వేలు మడవకుండానే లేచి వెళ్లిపోయాడు.

అమ్మాయిది బైపీసీ కాబట్టి రెండు దారులూ ఉన్నాయి. వేరే గ్రూపైతే బీఎస్సీ ఊసే లేదు. ఏది చదివినా స్టాఫ్ నర్సు ఉద్యోగానికి అర్హులే. ఇదంతా సరే, నాకు మండింది ఒక్క మాటకి.

కొండారెడ్డి బురుజు దగ్గర టీకొట్లో ఒక సీట్ల బ్రోకరు తగులుకున్నాడు. "ఏ కోర్సైనా తీసుకోన్నా, మా కాలేజీకి రోజూ రానక్కర్లేదు. పరీక్షలకొస్తే చాలు, ఏం టెన్షన్ ఉండదు."

ఆహా! ఎనిమిది సెమిస్టర్లూ మంచం మీద పడుకుని సీరియల్ చూస్తే చాలు, నర్సు తయార్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వాళ్లు ఏదో చాదస్తం కొద్దీ, బీఎస్సీ కాలేజీకి నూరు పడకల సొంత ఆసుపత్రి ఉండాలని రాసుకున్నారు. ఆ ఆసుపత్రేదీ అంటే "ఉంది కదన్నా" అన్నాడు బ్రోకరు. సరేనని చూడటానికి పోయాం.

నిజంగానే ఉంది. బోర్డు ఉంది, వార్డు ఉంది, ఇనుప మంచాలూ ఉన్నాయి. మంచాల మీద శనక్కాయ మూటలున్నాయి. మంచానికి రెండు చొప్పున, వరసగా, గోడవైపు తల పెట్టుకుని. ఇంత బుద్ధిమంతులైన పేషెంట్లను నేను జన్మలో చూడలేదు. మూలగరు, బెల్లు కొట్టరు, డ్రిప్ అయిపోయిందని బంధువులు వచ్చి అరవరు, బీపీ ఎప్పుడూ నార్మల్. ఒక మూటకి మూల చిరిగి నాలుగు కాయలు కింద పడుంటే, కుట్లు వేయడానికి ఎవరూ లేరే అని నాకే బాధేసింది. ఇన్‌స్పెక్షన్ రోజు వీళ్లను డిశ్చార్జ్ చేసి మనుషుల్ని పడుకోబెడతారట, వాచ్‌మన్ చెప్పాడు.

పోయినేడు మా అమ్మకి డెంగీ వచ్చింది. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న అమ్మాయి నరం కోసం నాలుగుచోట్ల పొడిచింది. నాలుగోసారికి ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి, కళ్లలో నీళ్లు. ఇరవై ఏళ్లుంటాయేమో. ఎక్కడ చదివావమ్మా అంటే తల దించుకుంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఫీజంతా గుంజుకుని, ఒక్క మనిషి చెయ్యి కూడా పట్టుకోనివ్వకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టి, నేరుగా మా అమ్మ మంచం దగ్గరకు తోసిన దొంగలున్నారే, వాళ్ల చేతికి పొడవాలి ఆ సూది. మూడేళ్లా నాలుగేళ్లా అని ఇంటిల్లిపాదీ కొట్టుకుంటున్నాం. వార్డెక్కడ, అందులో రోజూ ఎంతమంది పేషెంట్లుంటారు అని అడిగిన మగాడు మా ఇంట్లో ఒక్కడూ లేడు. అడిగింది మేనకోడలే, అందుకే ఆ మూటల్ని చూశాం.

నిన్న మళ్లీ ఫోన్ చేశాడు ఆ బ్రోకరు. ముందు జీఎన్ఎం కానిచ్చేస్తే, పోస్ట్ బేసిక్‌కి అసలు ఊరు కూడా కదలక్కర్లేదట. బావ మళ్లీ వేళ్లు మడుస్తున్నాడు.