విట్నీ పక్కన రాబిన్: వద్దని చెప్పగలిగిన ఒకే ఒక్క ఉద్యోగి

అమెరికన్ పాప్ గాయని విట్నీ హ్యూస్టన్ గురించి రాసేవాళ్లంతా, ఏళ్ల తరబడి ఆమె దగ్గర పనిచేసిన రాబిన్ క్రాఫర్డ్ పేరు రాగానే ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు. వాళ్లిద్దరిదీ స్నేహమా, ప్రేమా? దానికి రాబిన్ 2019లో తన జ్ఞాపకాల పుస్తకంలో జవాబు చెప్పేసింది. తొలిరోజుల్లో శారీరక సంబంధం ఉండేదని, అది కొద్దికాలంలోనే ముగిసిందని, స్నేహం మాత్రం మిగిలిందని రాసింది. అంతటితో ఆ కుతూహలం చల్లారాలి. చల్లారలేదు. నిజానికి అంతకంటే పట్టించుకోవలసింది ఆమె చేసిన ఉద్యోగం. కోట్లు సంపాదించే గొంతు పక్కన నెలజీతానికి నిలబడి, ఆ గొంతు మనిషికే 'ఇక చాలు' అని చెప్పాల్సిన ఉద్యోగం అది.

1980 వేసవిలో న్యూజెర్సీలోని ఈస్ట్ ఆరెంజ్‌లో ఇద్దరికీ పరిచయం. సెలవుల్లో కుర్రకారుకి ఇచ్చే చిన్న ఉద్యోగాల్లో చేరారు. రాబిన్‌కి 19 ఏళ్లు, బాస్కెట్‌బాల్ ఆటగత్తె. విట్నీకి ఇంకా 17 నిండలేదు. పేరడిగితే 'విట్నీ ఎలిజబెత్ హ్యూస్టన్' అని మధ్యపేరుతో సహా చెప్పిందట. ఆ రోజుల్లో అలా చెప్పుకునేవాళ్లు అరుదని, ఈ పిల్లలో ఏదో ప్రత్యేకత ఉందని అప్పుడే అనిపించిందని రాబిన్ గుర్తు చేసుకుంది. ఆ పిల్ల వచ్చింది మామూలు ఇంటి నుంచి కాదు. తల్లి సిస్సీ చర్చి గాయని, ప్రసిద్ధ గాయని అరీతా ఫ్రాంక్లిన్ వెనక పాడిన మనిషి. పెద్దమ్మ కూతురు డియాన్ వార్విక్ కూడా పేరున్న గాయనే. ఆ ఇంట్లో పాట అంటే భక్తీ, బతుకుతెరువూ రెండూ.

1983లో అరిస్టా అనే పాటల రికార్డు కంపెనీ విట్నీతో ఒప్పందం చేసుకుంది. ఆ దరిదాపుల్లోనే ఒకరోజు విట్నీ రాబిన్ చేతిలో ఒక బైబిల్ పెట్టి, ఇక మన మధ్య ఆ సంబంధం వద్దంది. బయటికి పొక్కితే జనం దాన్నే ఆయుధం చేసుకుంటారని ఆమె భయం. రాబిన్ ఒప్పుకుంది, కానీ పక్కనుంచి కదల్లేదు. మొదట అసిస్టెంట్, తర్వాత క్రియేటివ్ డైరెక్టర్. పత్రికలు అడిగితే చిన్ననాటి స్నేహితురాలు. 1987లో టైమ్ పత్రిక వాళ్లిద్దరి మీద వచ్చిన పుకార్లను నేరుగా ప్రస్తావిస్తే విట్నీ కొట్టిపారేసింది. 1992 జులైలో గాయకుడు బాబీ బ్రౌన్‌తో పెళ్లయినప్పుడు తోడిపెళ్లికూతురు రాబినే.

పేరు దాచి పక్కన ఉంచుకోవడం విట్నీ ఒక్కదాని కథ కాదు. లండన్‌లో క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీతో ఏళ్ల తరబడి కలిసి బతికిన జిమ్ హటన్‌ని బయటివాళ్లకు తోటమాలి అని చెప్పేవారు. 1991లో ఫ్రెడ్డీ పోయాక అతను ఆ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇలాంటి బంధాలకు ఉద్యోగం పేరు ఒక ముసుగు. ముసుగు తీసేస్తే ఉద్యోగమూ ఉండదు.

ఇక విట్నీ ఇంటి లెక్క చూడండి. 1985లో తొలి ఆల్బమ్. అక్కడి నుంచి 1988 వరకు అమెరికాలో పాటల ఆదరణను లెక్కకట్టే బిల్‌బోర్డ్ చార్టులో వరుసగా ఏడు పాటలు మొదటి స్థానానికి వెళ్లాయి. 1992లో 'ది బాడీగార్డ్' సినిమా వచ్చింది. దాని పాటలు కోట్లలో అమ్ముడుపోయాయి. తండ్రి జాన్ కంపెనీ వ్యవహారాలు చూశాడు, అన్నలు ఆమె టూర్లలో పనిచేశారు. విట్నీ పాడినంతకాలమే అందరి పొయ్యి వెలిగేది. మాదకద్రవ్యాల అలవాటులో పడిన ఆమెకు 'ఆరు నెలలు పాడకు, ఆసుపత్రిలో చేరు' అని ఇలాంటి చోట ఎవరు చెబుతారు? 2002లో ఆ తండ్రి పేరు మీదున్న కంపెనీయే కూతురి మీద 10 కోట్ల డాలర్లకు దావా వేసింది. ఆ ఇంట్లో బంధాన్నీ బిల్లునీ ఎంతగా కలిపేశారో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

రాబిన్‌ని దేవతని చేయనక్కర్లేదు. మొదట్లో తామిద్దరం కలిసే కొకైన్ తీసుకున్నామని ఆమే ఒప్పుకుంది. తేడా ఏమిటంటే, ఆమె మానేసింది. మానేశాక విట్నీని మానిపించాలని చూసింది, తల్లి సిస్సీకీ చెప్పానంటుంది. ఇదంతా ఒకవైపు మనిషి చెప్పిన కథే, అవతలి మనిషి ఇక మాట్లాడలేదు, కాబట్టి కొంత తగ్గించుకుని చదవాలి. కానీ 2000 సంవత్సరం తొలి నెలల్ని గుర్తు చేసుకోండి. జనవరిలో హవాయి విమానాశ్రయంలో విట్నీ సామానులో గంజాయి దొరికింది. మార్చిలో ఆస్కార్ రిహార్సల్స్ నుంచి ఆమెను తప్పించారు. ఆ ఏడాదే రాబిన్ ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయింది. ప్రమాదఘంటికలు జగమంతా వినేలా మోగుతున్నప్పుడే, వాటిని ముందే విన్న మనిషి ఆ ఇంట్లో లేకుండా పోయింది.

అయినా ఏళ్ల తరబడి చెడు సావాసం అన్న నింద పడింది ఆమె మీదే. 2013లో విట్నీ అన్న మైఖేల్ టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే ముందు కూర్చుని, మాదకద్రవ్యాలు చెల్లెలికి అలవాటు చేసింది తానేనని చెప్పాడు. అదే కార్యక్రమంలో సిస్సీ, తన కూతురు స్వలింగ ప్రేమికురాలైతే తనకు నచ్చేది కాదని కుండబద్దలు కొట్టింది. రాబిన్‌తో ఎప్పుడూ పడని బాబీ బ్రౌన్ 2016లో, ఆమెను విట్నీ జీవితంలో ఉండనిచ్చి ఉంటే విట్నీ బతికే ఉండేదన్నాడు. ఈ మాటలన్నీ 2012 ఫిబ్రవరి 11 తర్వాతివి. ఆ రోజు బెవర్లీ హిల్స్‌లోని హోటల్ గదిలో, స్నానాల తొట్టిలో, 48 ఏళ్లకే విట్నీ కథ ముగిసింది.

2019 పుస్తకం నమ్మకద్రోహమని కొందరన్నారు. మన యూట్యూబ్ ఛానెళ్లలో పాతతరం తారల డ్రైవర్లనీ మేకప్‌మెన్‌నీ కూర్చోబెట్టి గుట్టు లాగే ఇంటర్వ్యూలు రోజూ చూస్తున్నవాళ్లకు ఆ అనుమానం రావడం సహజమే. కానీ రాబిన్ ఉద్యోగం వదిలి పందొమ్మిదేళ్లు ఆగింది. ఈ లోపల కుటుంబం మాట్లాడింది, భర్త మాట్లాడాడు, రెండు డాక్యుమెంటరీలు వచ్చాయి. అందరూ ఆమె గురించి చెప్పేశాక, ఆఖరున ఆమె తన గురించి చెప్పుకుంది. దీన్ని ద్రోహం అనడానికి నాకు మనసొప్పదు. విట్నీ దాచమన్నదాన్ని ఆమె బతికుండగా రాబిన్ బయటపెట్టలేదు కూడా.

మూడేళ్లకు, 2022లో, విట్నీ జీవితం మీద సినిమా వచ్చింది. దాని నిర్మాతల్లో అరిస్టాలో ఆమెను చేర్చుకున్న క్లైవ్ డేవిస్ ఉన్నాడు, ఆమె ఆస్తిపాస్తులు చూసే వదినా ఉంది. అందులో రాబిన్, విట్నీల ప్రేమ తెర మీద దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఒకప్పుడు జనం ఆయుధం చేసుకుంటారని దాచిన సంగతి, టికెట్ కొని చూసే కథలో భాగమైంది.