కెమిస్టు కూడా కార్మికుడే

శనివారం రాత్రి గూడూరు నుంచి బయల్దేరే సింహపురి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలోకి నెల్లూరు, కావలి, ఒంగోలు స్టేషన్లలో ఎక్కే కుర్రాళ్లను చూస్తే మన జిల్లాల రసాయన శాస్త్రం ఎటు పోతోందో తెలుస్తుంది. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఎమ్మెస్సీ మార్కుల జాబితాలు, నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు. తెల్లారితే హైదరాబాద్‌లో ఏదో ఒక మందుల కంపెనీ వాక్‌ఇన్ ఇంటర్వ్యూ. అదృష్టం బాగుంటే సోమవారానికి ‘ట్రైనీ కెమిస్ట్’ అవుతారు. అక్కడ కుదరకపోతే పరవాడ, అచ్యుతాపురం, నాయుడుపేట ఫ్యాక్టరీలు.

ఐదేళ్లు కెమిస్ట్రీ చదివి చేరిన ఫ్రెషర్‌కు చాలాచోట్ల చెప్పే జీతం నెలకు 15 వేలకూ 20 వేలకూ మధ్యే. కాగితం మీద సీటీసీ, అంటే మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, పెద్దగా కనిపిస్తుంది. పీఎఫ్, క్యాంటీన్, బస్సు కోతలు పోయాక చేతికొచ్చేది వేరు. అందులోంచే నలుగురు కలిసి తీసుకున్న గదికి అద్దె కట్టాలి, ఇంటికి కొంత పంపాలి. అప్పు చేసి చదివించిన నాన్న ఫోన్ చేసి ‘జీతం పడిందా నాయనా’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియని పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఎమ్మెస్సీ పాసై పరిశోధనలో అడుగుపెట్టే మనిషి బతకడానికి ఎంత కావాలో కేంద్ర ప్రభుత్వం ఎప్పుడో లెక్క కట్టింది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37 వేల రూపాయలు, ఇంటద్దె అదనం. అదే చదువు చదివినవాడు రసాయనాలు కలిపి మందు తయారుచేసే రియాక్టర్ దగ్గర నిలబడి రాత్రంతా బ్యాచ్ చూసుకుంటే అందులో సగం కూడా రాకపోవడానికి ఏ న్యాయం ఉంది? ఆ ఫెలోషిప్ అయినా జాతీయ స్థాయి నెట్ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకున్న కొద్దిమందికే. అది లేకుండా పీహెచ్‌డీలో చేరినవాళ్లు ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ, గ్లాస్‌వేర్‌కూ కెమికల్స్‌కూ సొంత డబ్బు పెట్టుకుంటూ ఏళ్లు గడుపుతున్నారు.

జీతం మాట ఒకటైతే, ఒంటి ఆరోగ్యం మాట మరొకటి. ప్లాంట్లలో ఎండీసీ అని పిలుచుకునే డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్‌నే (మిగతా రసాయనాలను కరిగించే ద్రావకం) తీసుకోండి. డ్రమ్ము మూత తీస్తే కాస్త తియ్యటి వాసన. పీల్చింది ఒంట్లోకి వెళ్లి కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఎనిమిది గంటల షిఫ్టులో సగటున పది లక్షల వంతుల గాలిలో 25 వంతులకు మించి ఉండకూడదని అమెరికాలో చాలాకాలంగా ఉన్న నియమం. 2024లో అక్కడి పర్యావరణ సంస్థ దాని వాడకాల్లో చాలావాటిని నిషేధించి, అనుమతించిన చోట్ల పరిమితిని 2 వంతులకు తగ్గించింది. మనిషి ముక్కుకు ఆ వాసన తెలిసేది దాదాపు 200 వంతులు దాటాకే. అంటే వాసన తగిలేసరికే ప్రమాదం లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. మామూలు కార్ట్రిడ్జ్ మాస్కు దాన్ని ఎక్కువసేపు ఆపలేదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. ‘వాసన వస్తోంది సార్’ అని కొత్త కుర్రాడంటే ‘అలవాటైపోతుందిలే’ అనే జవాబు వస్తున్నంత కాలం ఆ మాస్కు స్టోర్‌రూమ్ దాటి రాదు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని మందుల ఫ్యాక్టరీలో లీకైన సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. వాళ్లలో కూలీలే కాదు, ల్యాబ్‌లోనూ ప్రాసెస్ విభాగంలోనూ పనిచేసే చదువుకున్న పిల్లలూ ఉన్నారు. 2025 జూన్ 30న హైదరాబాద్ దగ్గరి పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా పోయారు. పేలుడు వచ్చినప్పుడు హోదా చూడదు. హక్కుల దగ్గరికి వచ్చేసరికే హోదా అడ్డొస్తోంది. మా అసలు ఫిర్యాదు ఇదే.

‘నువ్వు ఎగ్జిక్యూటివ్‌వి, వర్కర్‌వి కాదు’ అని చెప్పి ఓవర్‌టైం ఎగ్గొడతారు. సంఘం ఊసెత్తనివ్వరు. చట్టం చెప్పేది వేరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో టెక్నికల్ పని చేసేవాళ్లంతా కార్మికులే. మేనేజర్లనూ, నెలకు 18 వేలు దాటి తీసుకునే సూపర్‌వైజర్లనూ, అప్రెంటిస్‌లనూ పక్కనపెట్టింది. మందు స్వచ్ఛతను పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చుని శాంపిళ్లు నడిపేవాడు ఎవరి మీద సూపర్‌వైజర్? చేతికింద ఒక్క మనిషి లేనివాడికి ఆఫీసర్ అని పేరు పెట్టినంత మాత్రాన కార్మికుడు కాకుండా పోడు. మూడేళ్లయినా ట్రైనీ అనే పిలుస్తుంటే దాని వెనక లెక్క ఏమిటో లేబర్ అధికారులు అడగాలి.

మెడికల్ రెప్‌లను చూడండి. సంఘం కట్టుకుని గట్టిగా నిలబడ్డారు, 1976లోనే వాళ్లకంటూ ప్రత్యేక చట్టం వచ్చింది. మందు అమ్మేవాళ్లకు యాభై ఏళ్ల కిందట దక్కిన గుర్తింపు మందు తయారుచేసేవాళ్లకు ఇప్పటికీ లేదు. కెమిస్టులు చదువుకున్నవాళ్లం కదా అని సంఘాలకు దూరంగా ఉండటం కూడా ఇందుకు ఒక కారణమే. ఈ మాట వాళ్లకు నొప్పి కలిగించినా అనక తప్పదు.

ఇది ఎక్కడో హైదరాబాద్ సంగతి అని మనం ఊరుకోలేం. తీరం పొడవునా రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబుల్లో, కృష్ణపట్నం నూనె ఫ్యాక్టరీల్లో, థర్మల్ కేంద్రాల్లో పనిచేసే కెమిస్టులు మన ఇళ్ల పిల్లలే. చెరువు నీటిలో అమ్మోనియా ఎంతో, ఆల్కలినిటీ (క్షారత) ఎంతో ఆ ల్యాబు అమ్మాయి బ్యూరెట్ పట్టుకుని చెప్పే అంకె మీద రైతు లక్షల పెట్టుబడి ఆధారపడి ఉంటుంది. ఆమెకు నియామక పత్రం ఇచ్చినవాళ్లు ఎందరు?

రామాయపట్నం దగ్గర పెట్రోకెమికల్ రిఫైనరీ వస్తోందంటున్నారు. ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయలు ఖర్చుచేయడానికి బీపీసీఎల్ బోర్డు 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. రానివ్వండి, మా జిల్లాలకు పరిశ్రమలు కావాలి. కానీ ఎన్ని ఉద్యోగాలు అనే లెక్కతో పాటు ఎలాంటి ఉద్యోగాలు అనేదీ ఇప్పుడే తేలాలి. కాంట్రాక్టరు చేతికింద కెమిస్టుల్ని పెట్టకూడదని, ప్రారంభ జీతం బయటికి చెప్పాలని ఒప్పందంలోనే రాయించాలి. నెల్లూరు, ఒంగోలు విశ్వవిద్యాలయాలూ కాలేజీలూ జీతం, షిఫ్టు, ఇన్నాళ్లు మానకూడదనే బాండ్ షరతులు రాసివ్వని కంపెనీని క్యాంపస్‌లోకి రానివ్వకూడదు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు ఒక మంచి పని జరిగింది. ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసేవారికి చేరేముందు, ఆ తర్వాత ఏటా వైద్య పరీక్షలు చేయించాలని, ఆ రికార్డులు కార్మికుడు చూసుకునేలా ఉంచాలని రాశారు. పరీక్షలు జరుగుతున్న చోట కూడా ఆ కాగితం హెచ్‌ఆర్ బీరువాలోనే ఉండిపోతోంది. కంపెనీ మారినప్పుడు పాత చోట ఊపిరితిత్తులకు, కాలేయానికి ఏం జరిగిందో చెప్పే ఆధారం కుర్రాడి దగ్గర ఉండదు. ఫ్యాక్టరీల తనిఖీ అధికారులు ముందు ఆ బీరువాలు తెరిపించాలి. ఉద్యోగం మానే రోజు రిలీవింగ్ లెటర్‌తో పాటు, చేరిన రోజు నుంచి తీసిన ప్రతి రక్తపరీక్ష నకలూ అతని ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి పంపించాలి.