మా అమ్మ నర్సు. అది రాయడానికి ఏం అడ్డొచ్చింది?

ఇప్పుడే వాట్సాప్‌లో అమ్మ సంస్మరణ సభ కార్డు వచ్చింది. చూసిన దగ్గర్నుంచి ఒళ్లు మండిపోతోంది. ఫలానా రిటైర్డ్ ఇంజనీరు గారి ధర్మపత్ని, ఫలానా మేనేజరు గారి మాతృమూర్తి అట. నాన్న ఉద్యోగం ఉంది, తమ్ముడి ఉద్యోగం ఉంది. అమ్మది మాత్రం లేదు. కింద "ప్రేమమూర్తి, సహనశీలి" అని రెండు మాటలు. కార్డు రాయించిన అన్నయ్యకి, అంటే మా పెదనాన్న కొడుక్కి, ఫోన్ చేశాను. "పోయిన మనిషికి ఇంకా ఉద్యోగం ఎందుకే, తల్లిగా గుర్తుంటే చాలదా" అన్నాడు.

చాలదు. నాకు తెలిసిన అమ్మలో సగం వార్డులోనే ఉంది. అది తీసేస్తే మిగిలేది ఎవరో, నాకు తెలీదు.

సహనశీలి అంటున్నారు కదా, సహనంతో సెలైన్ ఎక్కుతుందా? లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో వెళ్లాలంటే, ఇరవై చుక్కలకి ఒక ఎం.ఎల్. పడే సెట్ అయితే నిమిషానికి నలభై రెండు చుక్కలు. అమ్మ వాచీ చూస్తూ చుక్కలు లెక్కపెట్టి, వేగం తగ్గించి పెంచే గొట్టం మీది చక్రం సరిచేసేది. పేషెంట్ చెయ్యి కదిలిస్తే మళ్లీ లెక్క. అలా ఎన్ని మంచాలు! నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదిలేది కాదు. నేను నర్సింగ్ చదవలేదు కానీ, ఎందుకో అడిగితే చెప్పింది: ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి తెలియకుండానే వేరేలా పీలుస్తాడు, అందుకే నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని ఛాతీ చూడాలి. ఇంత బుర్ర పెట్టి చేసే పనిని "చల్లని చెయ్యి" అని తేల్చేస్తారు జనం.

మే 12, నర్సుల దినోత్సవం వస్తే చాలు, ఆధునిక నర్సింగ్‌కి పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ చేతిలో దీపంతో ఉన్న బొమ్మ పెట్టి గులాబీలు పంచుతారు. అమ్మకి ఆ బొమ్మంటే చిరాకు. క్రిమియా యుద్ధంలో గాయాల కన్నా రోగాలతోనే సైనికులు ఎక్కువమంది పోయారని అంకెలతో నిరూపించిన మనిషి ఆవిడ. నెలనెలా మరణాలెన్నో ఒక్క చూపులో అర్థమయ్యేలా 1858లో రంగుల చిత్రం గీసింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలు. 1860లో నర్సులకి ట్రైనింగ్ స్కూల్ పెట్టించింది. ఆ లెక్కలన్నీ పక్కనబెట్టి దీపం ఒక్కటే దాచుకున్నారు. ఆడమనిషి తెలివి కంటే ఆవిడ చేతిలో దీపమే అందరికీ ముద్దు. అదే బుద్ధి ఇవాళ మా ఇంటి కార్డులోనూ కనపడింది.

ఒక రాత్రి సంగతి చెప్తాను. కేస్ షీట్‌లో మందు డోసు 5 అని ఉంది. ఆ మందు ఆ వయసు పిల్లాడికి అంత ఇవ్వరని అమ్మకి తెలుసు. ఇవ్వనంది. నిద్రలోంచి లేచొచ్చిన డాక్టర్ అందరి ముందూ అరిచాడు, నువ్వు నాకు నేర్పుతావా అని. అమ్మ ఒక్క మాటా అనకుండా కాగితం ముందు పెట్టి నిలబడింది. ఆయన రాయాల్సింది 0.5. ముందు సున్నా వెయ్యలేదు, చుక్క సరిగా పడలేదు. దిద్దాడు, వెళ్లిపోయాడు. పిల్లాడు కోలుకుని ఇంటికెళ్లేటప్పుడు వాళ్లవాళ్లు డాక్టర్‌కి దండాలు పెట్టారు. అమ్మ అప్పుడు పక్క మంచం దుప్పటి మారుస్తోంది. ఆ పిల్లాడు ఇప్పుడు ఎక్కడో పెద్దవాడై ఉంటాడు, వాడి ఇంట్లో మా అమ్మ పేరు ఎవరికీ తెలీదు. సరే, పరాయివాళ్లు. సొంతవాళ్లకి తెలిసి కూడా ఎందుకు రాయలేదు?

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. అప్పటికి ప్రపంచంలో నర్సులు 2 కోట్ల 79 లక్షలమంది, ఇంకా 59 లక్షలమంది కావాలని ఆ ఏడాది రిపోర్ట్‌లోనే ఉంది. పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. చప్పట్లు కొట్టారు, అయిపోయింది. కొరత మాత్రం తీరలేదు. ఇలా ఉద్యోగం పేరే దాచేసే ఇళ్లలోంచి రేపు ఏ పిల్ల నర్సవుతానంటుంది?

అసలు నాకు కడుపు మండేది వేరే ఉంది. ఇన్నాళ్లూ అమ్మ వద్దంది కాబట్టి నోరు మూసుకున్నాను. అమ్మ నైట్ డ్యూటీకి వెళ్తుంటే "రాత్రుళ్లు బయట తిరిగే కోడలు" అన్నది మా పెదనాన్నే. నేను విన్నాను, చిన్నదాన్ని. పెళ్లిళ్లలో అమ్మ ఆస్పత్రి మాటెత్తితే మాట మార్చేవాడు. అదే పెదనాన్నకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు ఎవరు చూశారు? అప్పటికి అమ్మ రిటైరైంది, మోకాళ్లు నొప్పులు. అయినా "బావగారిని నేను చూసుకుంటా" అని వెళ్లింది. రెండు గంటలకోసారి అటు ఇటు తిప్పడం, మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టడం, దుప్పటిలో చిన్న ముడత కూడా లేకుండా లాగడం. ఆఖరిదాకా ఆయన వీపు మీద ఒక్క పుండు లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "కొడుకు ఎంత బాగా చూసుకుంటున్నాడో" అన్నారు. ఆ కొడుకు కాదనలేదు.

అన్నయ్యా, ఈ పోస్ట్ నీకు కనపడుతుందని తెలిసే రాస్తున్నా. ఆ గది గోడకి అమ్మ ఒక చార్ట్ అంటించింది, ఏ టైముకి ఎటు తిప్పారో రాయడానికి. తెల్లవారుజామున మూడింటికి కూడా రాసి ఉండేది. ప్రతి గీతా అమ్మ చేతిదే, నీది ఒక్కటీ లేదు. సభలో నేను మాట్లాడతాను, ఆ చార్ట్ గురించీ మాట్లాడతాను. నన్ను ఆపమని నాన్నకి ఫోన్ చెయ్యకు.