చంకలో పిల్లాడు, ఎదురుగా కొలోసియం

రెండేళ్ళ పిల్లాణ్ణి తీసుకుని రోమ్ వెళ్తున్నాం అని ఇంట్లో చెప్పి చూడండి. వీసా వచ్చిందా, ఖర్చెంత అనే ప్రశ్నలకంటే ముందు "వాడికేం గుర్తుంటుందని అంత దూరం తిప్పడం?" అనే మాట వస్తుంది. అందులో అబద్ధమేం లేదు. మూడేళ్ళ లోపు జరిగిన సంగతులు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. కానీ తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించింది మాత్రం ఎవరికి గుర్తుంది? అన్నప్రాసన నాడు పుస్తకం పట్టుకున్నామో కత్తి పట్టుకున్నామో అమ్మ చెబితే తెలిసిందే కదా. నన్నడిగితే, ఈ ప్రయాణం పిల్లాడి కోసం అని చెప్పుకోవడంలోనే తిరకాసు ఉంది. ఇది అమ్మానాన్నల సరదా, వాడు వెంట వస్తున్నాడు, అంతే. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే సగం టెన్షన్ పోతుంది, వాడు కొలోసియం వైపు కన్నెత్తి కూడా చూడకుండా కింద పడ్డ ఐస్‌క్రీమ్ పుల్లతో ఆడుకుంటుంటే కోపమూ రాదు.

చిక్కు వచ్చేది లిస్టు దగ్గర. ‘మూడు రోజుల్లో రోమ్’ అంటూ ఇంటర్నెట్ నిండా ప్లాన్లు దొరుకుతాయి. ఒక రోజు కొలోసియం, దాని పక్కనే పాత రోమన్ల కట్టడాల శిథిలాలున్న ఫోరం, పాలటైన్ కొండ, రెండో రోజు వాటికన్, మూడో రోజు ట్రెవీ ఫౌంటెన్, రోమన్ల నాటి గుడి పాంథియన్, స్పానిష్ మెట్లు, వీలైతే శిల్పాలూ చిత్రాలూ ఉన్న బోర్గీజే గ్యాలరీ. పాతికేళ్ళ కుర్రాళ్ళే మూడో రోజు సాయంత్రానికి కాళ్ళు లాగేస్తున్నాయంటారు. అదే ప్లాన్‌లోకి మధ్యాహ్నం నిద్ర, రెండు గంటలకోసారి ఆకలి, దారిలో కనిపించిన ప్రతి పావురం వెనకా పరుగు ఇవన్నీ దూర్చి, తిరిగొచ్చాక "పిల్లలతో యూరప్ వేస్ట్ అండీ" అని తీర్పు చెప్పేస్తాం. పాపం ఊరేం చేసింది? నేననేది ఏంటంటే, రోమ్‌లో టికెట్ కొని చూసే ఊరు ఒకటి, టికెట్ లేకుండా చూసే ఊరు ఇంకొకటి. పసిపిల్లలకి రెండోది అతికినట్టు సరిపోతుంది, మొదటిది అస్సలు సరిపోదు. మనం డబ్బు పెట్టేది మాత్రం మొదటిదానికి, అందుకే రోజంతా దాని చుట్టూనే తిప్పుతాం.

కొలోసియమే తీసుకోండి. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన కట్టడం, ఇవాళ లోపలికి వెళ్ళాలంటే పేరు రాసిన టికెట్, గుర్తింపు కార్డు, ఫలానా టైమ్ స్లాట్ ఉండాలి. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి ఉచితమే గానీ వాళ్ళ పేరున కూడా టికెట్ తీసుకోవాల్సిందే. స్లాట్ ఒంటిగంటకి దొరికిందనుకోండి, సరిగ్గా అది వాడు నిద్రపోయే వేళ. సెక్యూరిటీ లైన్లో ఏడుపు మొదలవుతుంది, లోపలికి వెళ్ళాక వాడికి కనిపించేవి ముందు నిలబడ్డవాళ్ళ మోకాళ్ళు. అది ముగిశాక "అదే టికెట్ మీద ఫోరం కూడా ఉంది కదా" అంటూ ఎండలోకి. ఫోరంలో నీడ తక్కువ, నేలంతా ఎగుడుదిగుడు రాళ్ళు. మనకి ఎండలు అలవాటేలే అనుకుంటారు గానీ, జులైలో మధ్యాహ్నం రెండింటికి అక్కడ కాసే ఎండ మన ఊళ్ళో కాస్తే పిల్లాణ్ణి గుమ్మం దాటనివ్వం.

ఇదంతా చేయించేది "డబ్బు పెట్టాం కదా" అనే ఒక్క మాట. తమాషా ఏంటంటే, పిల్లాడి టికెట్‌కి పెట్టింది సున్నా. పెట్టిందంతా మనకోసం, ఆ డబ్బు గిట్టుబాటు కావడానికి పరుగెత్తాల్సింది మాత్రం వాడు. కొలోసియం మామూలు టికెట్ 24 గంటలు చెల్లుతుంది, ఫోరం అదే రోజు చూడాలని ఎవరూ అనలేదు. సాయంత్రం చల్లబడ్డాక కొలోసియం, మర్నాడు పొద్దున్నే ఫోరంలో ఓ గంట, వాడు పేచీ పెడితే అరగంట. సగంలో బయటికి వచ్చేస్తే కొంపలేం మునగవు.

వాటికన్ మ్యూజియం సంగతి అయితే నేను మొహమాటం లేకుండా చెప్తాను, వద్దు. కిలోమీటర్ల కొద్దీ గ్యాలరీలు, జనమంతా ఒకే వైపుకి నడుస్తుంటారు, వెనక్కి తిరగడం కష్టం. చివర్లో సిస్టీన్ చాపెల్. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో గీసిన ఆ పైకప్పు కింద గట్టిగా మాట్లాడకూడదు. రెండేళ్ళవాణ్ణి, అదీ మాట్లాడొద్దని, అంత జనంలో! అదే సెయింట్ పీటర్స్ చౌక్‌లోకి వెళ్ళండి, పదిహేడో శతాబ్దపు శిల్పి బెర్నీని కట్టించిన 284 స్తంభాలు నాలుగు వరసల్లో నిలబడి ఉంటాయి. దాగుడుమూతలకి అంతకంటే మంచి చోటు ప్రపంచంలో ఇంకోటి ఉంటుందని నేననుకోను.

ఇక టికెట్ లేని రోమ్. ఈ ఊళ్ళో వీధి వీధికీ ఇనుప మంచినీళ్ళ పంపులు ఉంటాయి, నాసోనీ అంటారు, 1870లలో పెట్టడం మొదలుపెట్టారు, ఇప్పుడు దాదాపు 2,500 ఉన్నాయి. నడుము ఎత్తు స్తంభం, దానికి కిందికి వంగిన గొట్టం, అందులోంచి రాత్రీ పగలూ చల్లటి నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఆ గొట్టం పైభాగాన చిన్న కన్నం ఒకటి ఉంటుంది. కింద నీళ్ళు పడే చోట వేలు అడ్డం పెడితే పై కన్నంలోంచి నీళ్ళు చిమ్మనగ్రోవిలా పైకి లేస్తాయి. అలా వంగి నోరు తడుపుకోవడానికే ఆ ఏర్పాటు. మావాడికి ఈ కిటుకు పట్టుబడ్డాక ఇక కదిలితే ఒట్టు. వేలు పెట్టడం, నీళ్ళు మొహాన కొట్టుకోవడం, వేలు తీయడం, మళ్ళీ పెట్టడం, చొక్కా అంతా తడిసి ముద్ద. మేం పక్కన గట్టు మీద కూర్చున్నాం. అలా కూర్చుంటే గానీ ఎదురింటి కిటికీలోంచి తాడు కట్టి దించిన బుట్ట కనిపించలేదు, మూల మీద గోడకి పెట్టిన మేరీమాత బొమ్మ ముందు ఎవరో పూలు మార్చడం కనిపించలేదు. లిస్టు పట్టుకుని నడిచేవాళ్ళు ఆ వీధిని అర నిమిషంలో దాటేస్తారు.

పాంథియన్‌కి 2023లో ఐదు యూరోల టికెట్ పెట్టారు, పిల్లలకి ఉచితం. దీనికి మాత్రం మినహాయింపు ఇస్తాను, ఎందుకంటే లోపల ఉన్నది ఒకే ఒక్క పెద్ద గది, చూడ్డానికి పావుగంట చాలు. గుమ్మటం నడిమధ్యన ఆకాశం కనిపించే గుండ్రటి కన్నం ఉంది, దానికి తలుపూ లేదు అద్దమూ లేదు, వానొస్తే వాన లోపలే పడుతుంది. అందుకని రాతి నేలని కాస్త వాలుగా పరిచి, నీళ్ళు పోవడానికి అక్కడక్కడా చిన్న చిన్న కన్నాలు పెట్టారు. పెద్దవాళ్ళంతా తలలు ఎత్తి పైకి చూస్తుంటే పిల్లలు గొంతుక్కూర్చుని నేల మీది కన్నాలు చూస్తారు. రోమన్ల ఇంజినీరింగ్ బుర్ర మెచ్చుకోవాలంటే, నిజం చెప్పాలంటే, వాళ్ళు చూసేదే సరైన చోటు.

అక్కడి నుంచి వెనక సందులోకి తిరిగితే మినర్వా చర్చి ముందు రాతి ఏనుగు ఒకటి వీపు మీద ఈజిప్టు స్తంభం మోస్తూ నిలబడి ఉంటుంది, బెర్నీని ఊహే, 1667 నాటిది. ఏనుగంటే ఇష్టపడని పసిపిల్లలుంటారా! ఇంకో పక్కకి నడిస్తే పియాత్సా నవోనా, రోమన్ చక్రవర్తి డొమిషియన్ కట్టించిన స్టేడియం ఉన్న చోట అదే ఆకారంలో ఏర్పడ్డ చౌక్, కార్లు రావు కాబట్టి చెయ్యి వదిలేయొచ్చు. మధ్యలో ఉన్న 1651 నాటి ఫౌంటెన్‌లో నాలుగు నదుల విగ్రహాలున్నాయి, అందులో ఒకటి మన గంగ. కాకపోతే మనకి గంగమ్మ తల్లి, అక్కడ తెడ్డు పట్టుకున్న మగాడు. వెంట అమ్మమ్మనో నానమ్మనో తీసుకెళ్తే ఈ ముక్క తప్పకుండా చెప్పండి, ఆవిడ మొహం చూడాలి. లార్గో అర్జెంతీనాలో గుళ్ళ శిథిలాల మధ్య పిల్లులు కునుకు తీస్తుంటాయి. సీజర్‌ని చంపిన చోటు అదే అన్నది మనకి, పిల్లులు వాడికి.

స్పానిష్ మెట్ల మీద మాత్రం జాగ్రత్త. 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం, జరిమానా 400 యూరోల దాకా ఉంది. మెట్టు కనిపిస్తే కూలబడే వయసు కదా వీళ్ళది.

స్ట్రోలర్ తీసుకెళ్ళాలా అని అందరూ అడుగుతారు. పాత ఊరంతా నల్లరాతి ముక్కలు పరిచిన వీధులు, చిన్న చక్రాలు ఆ సందుల్లో ఇరుక్కుంటాయి, మెట్రో స్టేషన్లన్నిటిలో లిఫ్టులూ లేవు. మడిచి భుజాన వేసుకునే తేలికపాటిది ఒకటి, ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ ఒకటి ఉంటే నయం. మొత్తం మీద చంకనెత్తుకుని తిరగడానికి సిద్ధపడి వెళ్ళాలి. ఊళ్ళో బస్సులు, మెట్రో పదేళ్ళ లోపు పిల్లలకి ఉచితం.

తిండి గురించి మనవాళ్ళు పడే భయంలో సగం అనవసరం. రాత్రి భోజనానికి రెస్టారెంట్లు ఏడున్నర అయితే గానీ తెరవవు, అదొక్కటే అసలు సమస్య. ముక్కలు కోసి తూకం వేసి అమ్మే పిజ్జా షాపులు ఆ మధ్య వేళ ఆదుకుంటాయి. హోటల్లో ‘పాస్తా ఇన్ బియాంకో’ అని అడిగితే మెనూలో లేకపోయినా ఉత్త వెన్న, చీజ్ వేసిన పాస్తా తెచ్చిపెడతారు, కారం ఉండదు, ఎవరూ విసుక్కోరు. పెరుగు ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. ఇటలీలో పిల్లలంటే ముద్దు, రాత్రి పదింటికి బల్లల మధ్య పిల్లలు తిరుగుతుంటే మన పెళ్ళి భోజనాల్లో లాగే ఎవరూ పట్టించుకోరు.

"కాస్త పెద్దయ్యాక వెళ్ళొచ్చుగా" అనేవాళ్ళు లెక్క ఒకటి మర్చిపోతారు. ఇటలీ వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకి ఆరేళ్ళ లోపు పిల్లలకి ఫీజు లేదు, పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి 45. రెండేళ్ళ లోపైతే ఒళ్ళో కూర్చోబెట్టుకుని విమానంలో తీసుకెళ్ళొచ్చు, టికెట్ ధర చాలా తక్కువ. అన్నిటికంటే పెద్ద లాభం, స్కూలు లేదు. ఒకసారి బళ్ళో వేశాక హైదరాబాద్, విజయవాడ కుటుంబాలకి దొరికేది వేసవి సెలవులే, లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్నవాళ్ళకి జులై, ఆగస్టులే, అంటే ఊరు కిక్కిరిసి ఉండే కాలం. బడి లేని ఈ రెండు మూడేళ్ళే నవంబర్లోనో ఫిబ్రవరిలోనో వెళ్ళగలిగేది. వాన పడొచ్చు, పడనివ్వండి, పాంథియన్ ఉందిగా.

ఇన్ని మాట్లాడుకుంటాం గానీ, రోమ్ చూసేదెవరు, పిల్లాణ్ణి చూసేదెవరు అనేది ఎవరూ మాట్లాడరు. టికెట్ ఉన్న చోట పిల్లాడు ఏడిస్తే బయటికి ఎత్తుకొచ్చేది దాదాపు ప్రతిసారీ తల్లే, ఫొటోలు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది, గుమ్మటం కింద నాన్న, గుమ్మం బయట అమ్మ. పిల్లాడికి గుర్తుండదని దిగులు పడేవాళ్ళు వాళ్ళమ్మకి ఏం గుర్తుంటుందో కూడా అడగాలి. బోర్గీజే గ్యాలరీలో ఎలాగూ రెండు గంటల స్లాట్లే ఇస్తారు, బయట పెద్ద పార్కు ఉంది, చెరువులో పడవలున్నాయి. ఇద్దరికీ కలిపి ఒకే స్లాట్ తీసుకోకండి. అమ్మకి తొమ్మిదింటిది, నాన్నకి పదకొండింటిది. మొదటి రెండు గంటలు డైపర్ బ్యాగు నాన్న భుజాన ఉంటుంది, ఈలోపు వాడు చెరువులో బాతులకి ఏం పెట్టాలన్నా ఆయనే చూసుకుంటాడు.