వంటింటి పొగకు దారి ఎటు?

చాలా అపార్ట్‌మెంట్ల వంటగదుల్లో ఎగ్జాస్ట్ ఫ్యాను సరిగ్గా కిటికీ పైనే ఉంటుంది. పోపు వేసేటప్పుడు కిటికీ తెరిచి ఫ్యాను వేస్తే పొగంతా పోతుందనుకుంటాం. కానీ ఫ్యాను తనకు దగ్గరి దారే చూసుకుంటుంది. కింది కిటికీలోంచి వచ్చిన గాలినే లాగి బయటికి తోస్తుంది. పొయ్యి మీది పొగ మాత్రం హాల్లోకి మళ్లుతుంది. ఆ కిటికీ మూసి, ఎదురుగా ఉన్న తలుపో, హాల్లోని కిటికీయో తెరిస్తే గాలి పొయ్యి మీదుగా ఫ్యాను వైపు నడుస్తుంది. అనుమానముంటే వెలిగించిన అగరుబత్తిని పొయ్యి దగ్గర పట్టుకుని చూడండి. పొగ ఎటు వంగుతుందో చూస్తే సంగతి తేలిపోతుంది.

ఇంటి గాలి బాగుపడాలంటే ముందు పొగ పుట్టే చోటును, అది పోయే దారిని సరిచేయాలి. యంత్రాలు కొనడం ఆ తర్వాతి మాట.

ఎండుమిర్చి ఘాటుకు అందరం దగ్గుతాం గానీ, అసలు హాని చేసేది కంటికి కనిపించని నూనె పొగ. అందులోని 2.5 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న కణాలు ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా వెళ్తాయి. వాటిలో మరీ సన్ననివి రక్తంలోకీ చేరతాయి. గుండెపోటు, పక్షవాతం, సీవోపీడీ (ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), పిల్లల్లో న్యుమోనియా ముప్పు పెరిగేది ఇలాగే. వంటచెరకు, పిడకల వంటి ఇంధనాలతో ఇళ్లలో వచ్చే కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గ్యాసు వచ్చాక మసి బాగా తగ్గింది, అది పెద్ద మేలు. కానీ గ్యాసు మంటలోంచీ నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, వేపుళ్ల పొగ ఎలాగూ ఉంటుంది. మంట నీలంగా కాక పసుపుగా వస్తోందంటే ఇంధనం సరిగా కాలడం లేదని అర్థం. ముందు బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించాలి.

ఫ్యాను పొయ్యి వెలిగించకముందే వేయాలి, వంటయ్యాక మరో 10, 15 నిమిషాలు తిరగనివ్వాలి. చిమ్నీ ఉంటే పొయ్యికి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. గొట్టం 6 అంగుళాలది, వీలైనంత పొట్టిగా, తక్కువ మలుపులతో బయటికి పోవాలి. ప్రతి మలుపూ లాగే శక్తిని తగ్గిస్తుంది. గొట్టం లేని చిమ్నీలను మేం సిఫారసు చేయం. అవి జిడ్డును, కొంత వాసనను పట్టి, మిగతా వాయువులను, తేమను తిరిగి వంటగదిలోకే వదులుతాయి.

కోస్తా లాంటి ఉక్క ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం గది నేలలో కనీసం ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. 90 చదరపు అడుగుల గదికి 15 చదరపు అడుగుల కిటికీ అన్నమాట, వంటగదికైతే దానికి మరో పాతిక శాతం కలపాలి. ప్లాన్‌లో అది ఉంటుంది. గృహప్రవేశం అయ్యాక వాష్ ఏరియాకు అద్దాలు బిగిస్తారు, దాంతో వంటగది కిటికీ మరో మూసిన గదిలోకి తెరుచుకుంటుంది. బిల్డర్లు, అపార్ట్‌మెంట్ సంఘాలు దీన్ని ఆపాలి.

ఇక పడకగది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. దాని జాలీ పెద్ద ధూళినే పడుతుంది. 10×12 అడుగుల గదిలో తలుపులు బిగించి ఇద్దరు పడుకుంటే, బయట 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) దాపున ఉండే కార్బన్ డయాక్సైడ్ తెల్లారేసరికి 2,000 దాటడం మామూలే. లేవగానే తల బరువుగా ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు. దోమల జాలీ ఉన్న కిటికీని రెండు అంగుళాలు తెరిచి ఉంచితే చాలు, కరెంటు బిల్లు పెద్దగా పెరగదు. తలుపులు బిగించిన గదిలో దోమల కాయిల్ వెలిగించడం మాత్రం ఘోరం. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సన్నని కణాలు వెలువడతాయని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. పసిపిల్లలున్న ఇంట్లో దోమతెరను మించింది లేదు. సాంబ్రాణి ధూపం వేసినా కిటికీలు తెరిచే వేయాలి.

ఇవన్నీ చేశాక, రోడ్డు పక్క ఇల్లు కావడం వల్లో, ఇంట్లో ఆస్తమా ఉండటం వల్లో ప్యూరిఫయర్ అవసరమైతే కొనండి. అదే 10×12 గదికి, పది అడుగుల ఎత్తు ఉంటే, గంటకు 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (యంత్రం ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే లెక్క), సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి. ఓజోన్ వదిలే రకం వద్దు. హెపా ఫిల్టర్ కణాలను పడుతుందే తప్ప కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టలేదు. ఇంధనం సరిగా కాలనప్పుడు పుట్టే, రంగు, వాసన లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్ మనుషుల ప్రాణాలు తీసేది ఇందుకే. గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడే చోట బిగించి, వేడినీటి పైపును మాత్రమే లోపలికి తీసుకోవాలి. ఇప్పటికే లోపల ఉంటే, మార్పించేదాకా బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, తలుపు తెరిచి గాలి ఆడనిచ్చాకే స్నానానికి వెళ్లాలి.